యమునమ్మ వంటిల్లు

మన తెలుగులో ‘బుగ్గ’ అనే మాట ఒకటి ఉన్నది. పసిపాప చెక్కిలీ బుగ్గే, నేలలోంచి ఉబికి వచ్చే నీటి ఊటా బుగ్గే. తాడిపత్రిలో పెన్న ఒడ్డున కొలువైన స్వామి బుగ్గ రామలింగేశ్వరుడు. కడప పట్నంలోంచి పారే వాగు బుగ్గవంక. తరగతిలో ఈ మాట వచ్చినప్పుడల్లా పిల్లలు కిసుక్కున నవ్వుతారు. నవ్వనిస్తాను. ముద్దు పుట్టే చోటికీ, దప్పిక తీరే చోటికీ ఒకే పేరు పెట్టుకొన్నవాళ్ళం మనం, అందులో సిగ్గుపడవలసినదేమీ లేదని చెబుతాను.

చన్నీటి బుగ్గలు అందరూ చూచినవే. వేడినీటి బుగ్గలు కూడా మనకు మరీ కొత్తవి కావు. భద్రాచలానికి దగ్గరలో గుండాల అనే ఊరున్నది. అక్కడ గోదావరి ఇసుకలో చెలమ తవ్వితే వేడినీళ్ళు ఊరుతవి. మణుగూరు ప్రాంతంలోని పగిడేరులో బోరుబావిలోంచి వేడినీళ్ళు పైకి వస్తవి. దేశం మొత్తంమీద ఇటువంటి ఊటలు సుమారు 340 ఉన్నవని భూవిజ్ఞాన శాఖవారి లెక్క. వీటిలో ఎక్కువ భాగం స్నానానికి పనికివచ్చే వేడి గలవి. అన్నం ఉడికేటంత వేడి గలవి కొన్ని మాత్రమే. హిమాచల్‌లోని మణికరణ్ అటువంటిది. అక్కడి గురుద్వారాలో వచ్చేపోయేవారికి పెట్టే అన్నానికి ఊటనీటి వేడినే వాడుకొంటారు. ఇంకొకటి యమునోత్రిలోని సూర్యకుండం. నేను చెప్పబోయేది దీని సంగతి.

నాన్నగారు పోయినప్పటి నుంచి అమ్మ రాజమండ్రిలో నా దగ్గరే ఉంటున్నది. 2024లో ఆమెకు డెబ్బై ఒకటి. ఆ వేసవిలో ఒకనాడు పప్పు గిన్నె దించుతూ, “యమునోత్రి చూడాలే” అన్నది. కాశీ అనలేదు, బదరి అనలేదు. ఎందుకమ్మా అంటే, “అక్కడ అన్నం దానంతట అది ఉడుకుతుందటగా. యాభై ఏళ్ళ పైచిలుకు పొయ్యి ముందు నిలబడ్డాను. పొయ్యి లేకుండా ఉడికే అన్నం ఎట్లా ఉంటుందో చూడద్దూ!” అన్నది. మావారు నవ్వి, “అత్తయ్యగారు అడిగిన కోరిక అన్యాయమైనది కాదు, తీసుకొని వెళ్ళు” అన్నారు.

ఇక్కడ మా మామయ్య సంగతి కొంచెం చెప్పాలి. అమ్మకు అతను ఒక్కగానొక్క తమ్ముడు, మూడేళ్ళు చిన్న. కోనసీమలో తాతగారి ఇంటి పంపకాల దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఎవరు ఏమన్నారో ఇప్పుడు నాకు పూర్తిగా గుర్తు లేదు. వాళ్ళకు మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది. ఇల్లు మామయ్యకు ఉండిపోయింది. మాట ఇద్దరికీ మధ్య ఉండిపోయింది. తొమ్మిదేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఒకరు తోరణాలు చూచేవారు, ఒకరు మేళం వినేవారు. ఆ 2024లోనే, సంక్రాంతి వెళ్ళిన తరువాత, మామయ్యకు గుండె ఆపరేషను అయింది. అమ్మ ఆసుపత్రికి వచ్చింది. అద్దం తలుపు బయట నిలబడి నిద్రపోతున్న తమ్ముణ్ణి చూచింది. అత్తయ్య చేతిలో బత్తాయిలు పెట్టి, అతను మేలుకోకముందే వచ్చేసింది. దారి పొడుగునా మాట్లాడలేదు. యమునోత్రి మాట వచ్చింది ఆ తరువాతనే.

దసరా సెలవుల్లో బయలుదేరాము. చార్‌ధామ్ యాత్రకు ముందుగా పేర్లు నమోదు చేయించుకోవాలి. ఆ పని మా అబ్బాయి చేసిపెట్టాడు. ఢిల్లీలో రైలు మారి దేహ్రాదూన్‌లో దిగాము. అక్కడి నుంచి ముస్సోరీ, బడకోట్ మీదుగా జానకీచట్టికి మోటారు దారి. కొండను చుట్టి చుట్టి పోయే ఆ దారిలో యమున ఒకసారి కుడిచేతికి వస్తుంది, ఒకసారి ఎడమచేతికి పోతుంది. ఎంత పైకి పోతే అంత చిన్నదవుతుంది. అక్టోబరు నెల కావడంచేత కొండవాలు చేలు ఎర్రగా పండి ఉన్నవి. ఏమి పైరా అని చూస్తే తోటకూర! అక్కడివారు దాన్ని గింజల కోసం పండిస్తారు. అమ్మ కారు ఆపించి ఒక కంకి చేతిలోకి తీసుకొని, “ఆకు కోసుకోకుండా ముదరబెట్టారే, పాపం!” అని నొచ్చుకొన్నది.

ఒకప్పుడు మోటారు దారి హనుమాన్‌చట్టి దాకానే ఉండేదట. ఇప్పుడు జానకీచట్టి దాకా పోతుంది. అక్కడి నుంచి యమునోత్రికి 5, 6 కిలోమీటర్లు నడక. దూరం విని సంబరపడనక్కరలేదు. ఆ కాస్త దూరంలోనే 600 మీటర్లకు పైగా ఎత్తెక్కాలి. యమునోత్రి ఉన్నది సముద్రమట్టానికి సుమారు 3,290 మీటర్ల ఎత్తున. నడవలేనివారికి గుర్రాలున్నవి, ఒక మనిషి వీపున మోసుకొనిపోయే బుట్టలున్నవి, నలుగురు మోసే డోలీలున్నవి. డోలీవాళ్ళు మా చుట్టూ మూగారు. అమ్మ వాళ్ళను ఎగాదిగా చూచి, “నలుగురు మోసే రోజు ఎట్లాగూ వస్తుందిలే నాయనా. అంతదాకా నన్ను నడవనివ్వండి” అన్నది. వాళ్ళకు తెలుగు తెలియదు గాని, ఆమె చేయి ఊపిన తీరు అర్థమయింది. తప్పుకొన్నారు.

మా సంచులు మోయడానికి ఒక నేపాలు కుర్రవాణ్ణి కుదుర్చుకొన్నాము. ఇరవై ఏళ్ళుంటవి. అమ్మకు హిందీ రాదు. అతనికి తెలుగు రాదు. పది అడుగులు వేసేసరికి ఇద్దరికీ స్నేహం కుదిరింది. అమ్మ ఆగినప్పుడల్లా అతను ఆగేవాడు. ఆమె చేతికర్ర జారితే అందించేవాడు. ఒకవైపు కొండగోడ, ఒకవైపు లోయ. లోయ అడుగున యమున తెల్లగా నురుగు కక్కుతున్నది. ఎదుట బందర్‌పూంఛ్ శిఖరాలు. బందర్‌పూంఛ్ అంటే కోతితోక. వాటిలో ఎత్తయినది 6,316 మీటర్లు. లంక తగలబెట్టిన హనుమంతుడు తోక చల్లార్చుకొన్నది ఈ కొండ మీదనే అని అక్కడివారి కథ. మన రామాయణంలో సముద్రంలో ముంచాడు గదా అని నా తెలుగు పంతులు బుద్ధి అడ్డు తగిలింది. అమ్మ మాత్రం, “తోక పెద్దది, రెండుచోట్ల ముంచి ఉంటాడు” అని తీర్పు చెప్పేసింది.

సగం దారిలో టీ తాగుతూ ఆ కుర్రవాణ్ణి, చలి ముదిరితే నీ పనేమిటి బాబూ అని అడిగాను. దీపావళికి ముందే నేపాలుకు వెళ్ళిపోతానన్నాడు. “అక్కయ్య ఎదురుచూస్తుంది. భాయీటీకా నాడు నేను లేకపోతే ఆమె అన్నం ముట్టదు” అన్నాడు. ఆ రోజు వాళ్ళ ఊళ్ళో అక్కచెల్లెళ్ళు తమ్ముళ్ళ నుదుట ఏడు రంగుల బొట్టు పెడతారట. గడప దగ్గర అక్రోటు కాయ పగలగొడతారట, యముడు లోపలికి రాకుండా. అమ్మకు తెలుగులో చెప్పాను. “మన భగినీహస్త భోజనం రోజేనా?” అన్నది. ఆ రోజే, కార్తీక శుద్ధ విదియ, యమద్వితీయ అన్నాను. అమ్మ టీ గ్లాసు కింద పెట్టి లేచింది. ఆ తరువాత అరమైలు దాకా ఆమె నోటి వెంట మాట లేదు. ఆయాసం వల్ల అనుకోవడానికి వీలు లేదు, ఎందుచేతనంటే నడక ఇంకా చురుకయింది.

పాఠకులకు తెలియని కథ కాదు. సూర్యుడికి సంజ్ఞాదేవి వల్ల పుట్టిన కవలలు యముడూ, యమునా. చెల్లెలు ఎన్నిసార్లు పిలిచినా పని ఒత్తిడివల్ల అన్న రాలేకపోయాడు. ఆయన పని ఎటువంటిదో మనకు తెలుసు గదా, సెలవులు దొరికే ఉద్యోగం కాదు. చివరికి ఒక కార్తీక విదియనాడు వచ్చి ఆమె చేతి అన్నం తిని, ఈ రోజున సోదరి చేతి భోజనం చేసినవారికి నా భయం ఉండదని వరమిచ్చాడు. యమునోత్రి గుడి అక్షయతృతీయనాడు తెరుస్తారు, యమద్వితీయనాడు మూస్తారు. అన్నకు అన్నం పెట్టి ఆ తల్లి తలుపు వేసుకొంటుంది. చలికాలం ఆరునెలలూ ఆమె ఉత్సవమూర్తి కిందనున్న ఖర్సాలీ గ్రామంలో ఉంటుంది.

ఆరు గంటలు నడిచి గుడి చేరాము. గుడి పెద్దదేమీ కాదు. మంచువల్లా వరదలవల్లా ఒకటికి రెండుసార్లు దెబ్బతిని తిరిగి కట్టబడినది. లోపల యమునమ్మ నల్లరాతి విగ్రహం. గుడిని ఆనుకొని సూర్యకుండం. దూరం నుంచి చూస్తే పెళ్ళివారి వంటపందిరి మీద లేచినట్టు ఆవిరి లేస్తున్నది. దగ్గరకు పోతే నీరు కుతకుతలాడుతున్నది. నిప్పు లేదు, పొగ లేదు, కట్టె లేదు. నాలుగు బారల అవతల మంచునీళ్ళ యమున పరుగెడుతున్నది. అందులో వేలు పెడితే కొంకర్లు పోతుంది, ఇందులో పెడితే బొబ్బ లేస్తుంది.

యాత్రికులు తెచ్చుకొన్న బియ్యాన్నీ బంగాళాదుంపలనూ పలుచని గుడ్డలో మూటగట్టి, తాడుతో కుండంలోకి దించుతారు. ఉడికినదాన్ని అమ్మవారికి చూపి ప్రసాదంగా ఇంటికి తీసుకొనిపోతారు. అమ్మ తన చేతిసంచీ విప్పింది. ఇంటి దగ్గర నుంచి తెచ్చిన మా బియ్యమే. కాని మూటలు రెండు తీసింది. ఒకటి తెల్లగుడ్డ మూట. రెండవది పాత ఎర్రంచు చీర చింపి కట్టినది. ఆ అంచు నేను ఎరిగినదే. తాతగారి ఇంట్లో గృహప్రవేశమప్పుడు మామయ్య పెట్టిన చీర అది.

“రెండెందుకమ్మా?”

“ఇది మనకు.”

“మరి అది?”

“అది మనకు కాదు” అని, రెండు తాళ్ళూ వేలికి చుట్టుకొని మూటలను నీళ్ళలోకి దించి, రాతిగట్టు మీద కూర్చున్నది.

ఆ పావుగంట నాకు బాగా జ్ఞాపకం. అన్నం ఉడుకుతుంటే అమ్మ చేతులు ఊరికే ఉండడం నేను అంతకుముందు చూడలేదు. గంజి పొంగుతుందని లేవలేదు, మంట తగ్గించలేదు, గరిటె పెట్టి మెతుకు నొక్కి చూడలేదు. ఆవిరికి కళ్ళజోడు మసకబారితే తుడుచుకోకుండా అట్లాగే కూర్చున్నది. కాసేపటికి, “ఆడపిల్ల మంచులో ఉన్నదని తండ్రి పంపిన నిప్పే ఇది. పుట్టింటి సారె” అన్నది.

పేరు సూర్యకుండమే గాని ఈ వేడి సూర్యుడిది కాదు, భూమి కడుపులోది. హిమాలయాల్లో ఈ ప్రాంతాన అగ్నిపర్వతాలు లేవు. వాన నీరూ, కరిగిన మంచు నీరూ కొండల పగుళ్ళ వెంబడి లోపలికి ఇంకి చాలా లోతుకు పోతవి. మామూలుగా భూమిలోకి కిలోమీటరు దిగితే 25 నుంచి 30 డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. మన దేశపు నేల ఉత్తరాన ఉన్న నేల కిందికి చొచ్చుకొనిపోయి లేపిన పర్వతాలు కనుక, ఇక్కడ లోపలి రాయి మరింత వేడిగా ఉంటుంది, పగుళ్ళూ ఎక్కువ. అట్లా కాగిన నీరు ఏదో ఒక పగులు దొరికిన చోట పైకి తన్నుకొని వస్తుంది. కట్టె కాల్చకుండా ఈ వేడిని వాడుకోవచ్చునేమో అని 1970 దశకంలో లద్దాఖ్‌లోని పూగా దగ్గర బోర్లు వేసి పరీక్షలు కూడా చేశారు.

ఇంకొక చిత్రం ఉన్నది. మన రాజమండ్రిలో నీరు మరగాలంటే 100 డిగ్రీలు కావాలి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కనుక యమునోత్రిలో దాదాపు 89 డిగ్రీలకే మరుగుతుంది. సూర్యకుండంలోని వేడి ఆ హద్దుకు దగ్గరగానే ఉంటుంది. అంటే ఆ ఎత్తున నీరు ఎంత కాగగలదో దాదాపు అంతా కాగుతున్నదన్నమాట. ఇదంతా అమ్మకు చెప్పాను. శ్రద్ధగా విని, “అయితే వేడి ఎప్పుడూ ఉన్నదే. పైకి రావడానికి దారే దొరకాలి” అన్నది. నేను తరగతిలో గంటసేపు చెప్పినా ఇంతకంటె పొందికగా చెప్పలేను.

మూటలు పైకి తీశాము. అన్నం ఉడికింది. మా ఇంటి అన్నంలాగా పువ్వులా విచ్చుకోలేదు. మెతుకు నడుమ కాస్త పలుకు ఉన్నది. “అమ్మవారి వంటకు వంక పెట్టకూడదు” అని అమ్మ కళ్ళకద్దుకొన్నది. గుడి పక్కన దివ్యశిల అనే రాతికంబం ఉన్నది. ముందు దానికి పూజ చేసి, తరువాత అమ్మవారిని చూడాలి. ఆ వరసనే చేశాము. కుండం నీటిని చన్నీటితో కలిపి వదిలే స్నానపు గుండాలు కింద ఉన్నవి. ఆడవాళ్ళకు వేరే మరుగు. అందులో దిగేసరికి ఆరు గంటల నడక ఒంట్లోంచి జారిపోయింది. అమ్మ మోకాళ్ళదాకా నీటిలో కూర్చుని, ఏదో దేశం నుంచి వచ్చిన ముసలమ్మతో సైగలతో కోడళ్ళ సంగతులు మాట్లాడింది. అమ్మకు కోడళ్ళు లేరు. అయినా సంభాషణ చక్కగా సాగింది.

పైకి వచ్చాక తెల్లమూట విప్పి ముందుగా ఆ నేపాలు కుర్రవాడికి దోసిట్లో పెట్టింది. తరువాత నాకు, ఆ తరువాత తను. ఎర్రంచు మూట విప్పలేదు.

దిగేటప్పుడు గుర్రం ఎక్కడానికి ఒప్పుకొన్నది. “దున్నపోతు కాదుగా, ఫరవాలేదు” అన్నది. జానకీచట్టిలో మేము దిగిన బస మేడమీద ఎర్రంచు గుడ్డ పరచి, ఆ మెతుకులను ఒకటొకటిగా విడదీసి ఎండబెట్టింది. కొండ మీద ఎండ పలుచన. రెండు రోజులు పట్టింది. మూడవనాటికి గలగలలాడుతూ ముత్యాల మాదిరి అయినవి. కుర్రవాడు మా దగ్గర సెలవు తీసుకొంటుంటే, అమ్మ అతని చేతిలో కొంత డబ్బు పెట్టి, “ఇది నీ కూలి కాదు, మీ అక్కకు రవికెల గుడ్డ” అని నాచేత హిందీలో చెప్పించింది.

ఆ ఏడు యమద్వితీయ నవంబరు 3న, ఆదివారం, వచ్చింది. ముందు రోజు రాత్రి అమ్మ, “మీ మామయ్యకు ఫోను చెయ్యి. ప్రసాదం ఉన్నదని చెప్పు” అన్నది. చేశాను. అటు నుంచి కొంతసేపు మాట లేదు. “మీ అమ్మ చెప్పమన్నదా, నువ్వు చెబుతున్నావా?” అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా అమ్మ ఫోను లాక్కొని, “రేపు పదకొండింటికి రా. ఉప్పు తగ్గించి వండుతాలే” అని పెట్టేసింది.

పదకొండు కాకముందే మామయ్య వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. చేతిలో సంచీ. అందులో తాతగారి ఇంటి పెరట్లో తవ్విన కంద. ఎన్నేళ్ళుగానో అమ్మ కంద కొనడం లేదు. బజారు కంద రుచిగా ఉండదనేది. సంచీ అందుకొని, మట్టి దులిపి, మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి కత్తిపీట వాల్చింది. ఆ పూట వంట అరగంట ఆలస్యమయింది, కంద బచ్చలి కూడా చేరింది కనుక.

విస్తరిలో పరమాన్నం వడ్డించింది. కొత్తబియ్యపు మెతుకుల మధ్య అక్కడక్కడ గట్టిగా ఆ ఎండిన మెతుకులు. మామయ్య నమిలి, “ఇదేమిటి, పలుకుగా ఉన్నది?” అన్నాడు.

“యమునమ్మ వంట. పేరు పెట్టకు” అన్నది అమ్మ. “నిప్పు లేకుండా ఉడికింది. నీ పేర ఉడికించాను.”

మామయ్య తల ఎత్తలేదు. విస్తరిలో ఉన్నదంతా తిన్నాడు. మళ్ళీ కొంచెం వేయమని విస్తరి వైపు వేలు చూపించాడు. అమ్మ వేసింది. నాకు సంతోషం పట్టలేక, ఆ ఇంటి వ్యవహారం కూడా ఈ మంచి రోజున ఒక మాట అనుకొంటే బాగుండును గదా అని నోరు తెరిచాను.

ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకే?” అన్నది అమ్మ.

మామయ్య నవ్వాడు. తొమ్మిదేళ్ళ తరువాత మా ఇంట్లో ఆ నవ్వు వినబడింది. ఆ నవ్వుకు దగ్గు వస్తే అమ్మ మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపి, పప్పు వడ్డించడానికి గరిటె అందుకొన్నది.